పదహారు పేజీల మేకపిల్ల

మొదటిసారి ఆ ఇంగ్లీషు బొమ్మల పుస్తకాన్ని నలభై నిమిషాల్లో తెలుగు చేసి పడేశాను. వేసవి సెలవులు. కరెంటు పోయింది, ఫోనులో ఛార్జింగు సగం ఉంది, మా అమ్మ వాకిట్లో కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తోంది. పదహారు పేజీలు, పేజీకి రెండు మూడు ముక్కలు. పదకొండేళ్లుగా చిన్న తరగతులకు తెలుగు చెబుతున్నదాన్ని, నాకిదొక లెక్కా అనుకున్నాను. ఆ తర్వాత అదే పుస్తకం నన్ను ఏడు నెలలు తిప్పింది.

మాది మందస దగ్గర పల్లె. ఒకవైపు సముద్రం, ఒకవైపు మహేంద్రగిరి, మధ్యలో కొబ్బరి, జీడిమామిడి, పనస. దీన్నే ఉద్దానం అంటారు, శ్రీకాకుళం జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బడి ఇంటికి ఆరు కిలోమీటర్లు. ఐదు తరగతులు, ఇద్దరం టీచర్లం. పుస్తకాల్లేని బడి అనను. 2020లో 'చదవడం మాకిష్టం' కార్యక్రమం వచ్చినప్పటి నుంచి గది మూల తాడు కట్టి పుస్తకాలు వేలాడదీస్తున్నాం. కానీ అందులో ఎక్కువ నీతికథలు. ఒకటి రెండు తరగతుల పిల్లలు వాటిని తీస్తారు, బొమ్మ చూస్తారు, మళ్లీ తాడుకు తగిలించేస్తారు. వాళ్ల వయసుకు బొమ్మే సగం కథ చెప్పే పుస్తకం కావాలి. అలాంటివి మా తాడు మీద నాలుగు కూడా లేవు.

స్టోరీవీవర్ అనే పిల్లల కథల సైటు గురించి ఒక శిక్షణలో విన్నాను. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టారు. అందులో నచ్చిన బొమ్మల కథ ఎంచుకుని, భాష ఎంచుకుని, పేజీ తర్వాత పేజీ మన మాటల్లో రాసుకుంటూ పోవచ్చు. బొమ్మ అలాగే ఉంటుంది, కింది మాటలే మారతాయి. అక్కడి కథలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. అసలు రాసినవాళ్ల పేరు, బొమ్మలేసినవాళ్ల పేరు చెప్పాలి, మార్పులు చేశామని చెప్పాలి. అంతవరకు ఒప్పుకుంటే అనువదించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఈ చివరి సంగతి తర్వాత నాకు పనికొచ్చింది. పుస్తకం పేరు మాత్రం ఇక్కడ చెప్పను. అచ్చు దగ్గర కొంత తగాదా జరిగింది, ఎవర్నీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

కథ ఇంతే. కొండ ఊళ్లో ఒక పాప. పొద్దుగూకే వేళకు మేకపిల్ల కనపడదు. లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ వెతుకుతుంది. తమాషా ఏమిటంటే, ప్రతి బొమ్మలోనూ మేకపిల్ల ఎక్కడో ఒకచోట ఉంటుంది. కుండ వెనక తోక, గోడ మీంచి ఒక చెవి, మంచం కింద నాలుగు గిట్టలు. పాపకు కనపడదు, చూసే పిల్లలకు కనపడుతుంది. మాటల్లో ఎక్కడా ఆ ఊసు రాదు.

బళ్లు తెరిచాక ఫోను పట్టుకుని రెండు, మూడు తరగతుల పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చదివాను. నా మొదటి వాక్యం ఇది: "సాయంకాలమయ్యేసరికి తన మేకపిల్ల కనిపించకపోవడంతో ఆమె ఆందోళన చెందింది." రెండో పేజీకి వచ్చేసరికి మూడో తరగతి గుంటడొకడు సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. "రాసుకోవాలేటి మేడమ్?" అన్నాడు.

వాడు వెటకారానికి అన్లేదు. ఆ గొంతు, ఆ వాక్యం వింటే వాడికి అది రాసుకోవాల్సిన పాఠంలా వినపడింది. మా పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఉంటాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. అనువాదం అంటే ఆ పిల్లలకు ఎదురు పేజీ, ఎదురు పేజీ అంటే పరీక్ష. నేనూ సరిగ్గా ఎదురు పేజీయే రాశాను.

ఆ రాత్రి మొత్తం చెరిపేశాను.

ముందు 'ఆమె'తో మొదలుపెట్టాను. ఆరేళ్ల గుంటను 'ఆమె' అంటే చీర కట్టుకున్న మనిషి కళ్లముందుకొస్తుంది. 'అది' అంటే మా ఊళ్లో ముద్దే, కానీ మేకపిల్ల కూడా 'అదే'. ఎవరు ఎవర్ని వెతుకుతున్నారో తెలియకుండా పోయింది. ఇంగ్లీషులో పేజీ పేజీకీ 'షీ' ఉంది కదా అని నేనూ పేజీ పేజీకీ ఏదో ఒకటి పెడుతున్నాను. మనం మాట్లాడేటప్పుడు అన్నిసార్లు అంటామా? "లాంతరు తీసింది. గుమ్మం దాటింది. పిలిచింది." ఎవరన్నది బొమ్మలో ఉంది. పాప అన్న మాట పుస్తకం మొత్తం మీద ఐదుసార్లు మిగిలింది.

ఇంకో తప్పు టీచరు బుద్ధి వల్ల చేశాను. కుండ వెనక తోక ఉన్న పేజీలో, పిల్లలు గమనించరేమోనని, "పాపం, కుండ వెనకే ఉన్న మేకపిల్లను పాప చూడలేదు" అని ఒక ముక్క కలిపాను. అసలు కథలో లేని ముక్క. రెండోసారి చదివినప్పుడు ఆ ముక్క దాటేసి, ఊరికే ఫోను వాళ్లవైపు తిప్పాను. నాలుగు క్షణాలు. తర్వాత ఒక్కసారిగా "తోక! తోక! అదుగో తోక!" అని గది ఎగిరిపోయింది. పక్క గదిలోంచి మా హెడ్మాస్టారు వచ్చి ఏమైందో అని తొంగి చూశారు. పదకొండేళ్లలో నేను ఎన్ని తోకలు ముందే చూపించేసి ఉంటానో అనిపించింది గానీ, అది వేరే గొడవ.

ఐదో పేజీ దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. ఇంగ్లీషులో ఆ పేజీ చివర వాక్యం సగంలో తెగుతుంది. గడ్డి వెనక పాప ఎవర్ని చూసిందో పేజీ తిప్పితేగాని తెలియదు. తిప్పగానే పేజీ నిండా రెండు గుండ్రని కళ్లు, గుడ్లగూబ. ఇంగ్లీషుకు అది సుళువు. చూసింది అన్న మాట ముందొచ్చేస్తుంది, ఎవర్నన్నది చివర్న ఉంటుంది, ఆ చివరి మాటను అవతలి పేజీలోకి తోసేస్తే సరిపోతుంది. మనకు క్రియ చివర. నేను రాసింది: "గడ్డివాము వెనక ఒక గుడ్లగూబ కనిపించింది." దీన్నెక్కడ కొయ్యను? గుడ్లగూబ ఇవతలి పేజీలోనే బయటపడిపోయింది. అవతలి పేజీలో ఆ పెద్ద కళ్ల కింద 'కనిపించింది' అన్న ఒక్క మాట మిగిలింది. దాన్ని చూసి ఎవరు ఉలిక్కిపడతారు?

ఏవేవో తిప్పి చూశాను. 'కనిపించింది ఒక గుడ్లగూబ' అని రాస్తే టీవీలో ప్రకటనలాగుంది. ఆఖరికి మా అమ్మను అడిగాను. అనువాదం సంగతి చెప్పలేదు. చిన్నప్పుడు మాకు చెప్పే దెయ్యం కథ ఒకటుండేది, అది మళ్లీ చెప్పమన్నాను. చేతులు పొట్టు తీస్తూనే ఉన్నాయి. "ముసిల్ది తలుపు తీసినాది. తీస్తే ఏటున్నాది?" అని ఆగింది. నాకు నలభై దగ్గర పడుతున్నాయి, అయినా ఊపిరి బిగబట్టాను. "గేదె దూడ" అంది, నవ్వింది.

మన కథలు చెప్పేవాళ్లు ఎప్పటినుంచో పేజీ తిప్పుతూనే ఉన్నారు, పుస్తకం లేకుండా. వాక్యాన్ని సగంలో కొయ్యరు. వాక్యం పూర్తి చేసేసి ప్రశ్న వేస్తారు, ఆగుతారు, ఒక్క మాటతో జవాబిస్తారు. ఐదో పేజీ ఇలా కుదిరింది: "గడ్డికుప్ప వెనక్కి తొంగి చూసింది. ఎవరున్నారు?" పేజీ తిప్పితే: "గుడ్లగూబ!" ఇదే దారిలో మరి రెండు పేజీలు వాటంతటవే దిద్దుకున్నాయి. గడ్డివాము అన్న మాటను కూడా అప్పుడే గడ్డికుప్ప చేశాను, మా పిల్లలు అనేది అదే.

ఏడో పేజీలో గోడ కట్టుకుంటున్న మీసాలాయన ఒకడు. ఇంగ్లీషులో 'అంకుల్' అని వదిలేశారు. వాళ్లకు సరిపోతుంది. మనకు బాబాయో, పెదనాన్నో, మావో తేల్చాలి. తేల్చకుండా 'అంకుల్' అనే రాద్దామంటే, కొండ ఊళ్లో గోడ కట్టే మనిషి అంకులెలా అవుతాడు? పిల్లల్నే అడిగాను. తగువు పడ్డారు. చివరికి రెండో తరగతి గుంట ఫోను లాక్కుని వెనక్కీ ముందుకీ తిప్పింది. "మావే మేడమ్. ఈడి ముక్కు సూడండి, రెండో పేజీలో అమ్మ ముక్కూ ఒకటే." నేను ఆ పుస్తకాన్ని అప్పటికి ముప్పైసార్లు చూసి ఉంటాను. ఆ ముక్కులు ఒక్కసారీ నా కంటపడలేదు. బొమ్మలేసినావిడ నిజంగా అలాగే అనుకుని వేసిందో లేదో గాని, మావ అయ్యాడు.

చప్పుళ్ల పని పిల్లలకే అప్పజెప్పాను. మేకపిల్ల నీళ్లలోకి దూకే పేజీ ఒకటుంది. నేను 'బుడుంగుమని' అని రాసుకున్నాను. చేతిపంపు దగ్గర బకెట్టు నిండా నీళ్లు పెట్టి, కళ్లు మూసుకోమని, ఒక్కొక్కటే పడేశాను. చిన్న రాయికి 'గుడుక్' అన్నారు, పెద్ద రాయికి 'దుబుక్'. నోటుబుక్కు గుంటడు 'బుడుంగు' వద్దన్నాడు. "ములిగిపోతే బుడుంగు. మేక ములగదు గదా మేడమ్." నిఘంటువులు తిరగేస్తే దొరికే తేడా కాదది. ఆ పేజీలో ఇప్పుడు 'చపాక్' ఉంది. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్ల ఒకతె ఉంది మా తరగతిలో, సరిహద్దు ఊళ్లు కదా. అప్పటిదాకా మాట్లాడనిది, ఆ రోజు మాత్రం, తన భాషలో మేకను 'ఛెళి' అంటారని చెప్పింది. ఆ వారమంతా అందరూ మేకలు కనపడితే 'ఛెళి ఛెళి' అని అరిచారు.

పదో పేజీలో దారికడ్డంగా వేళ్లతో సహా పడిపోయిన చెట్టుంది. పాప దాని కిందనుంచి దూరి వెళుతుంది. ముందు రోజు వచ్చిన 'స్టార్మ్'కు పడిందని కథ. నేను ఏమీ ఆలోచించకుండా 'తుపాను' అని రాశాను, మాటకు మాట సరిపోయింది కదా. అది చదువుతున్నప్పుడు మధ్యాహ్న భోజనం వండే అక్క గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆ పేజీ దాకా నవ్వుతూనే ఉంది. తర్వాత, పిల్లలు వెళ్లిపోయాక, "ఆ మాటొద్దు మేడమ్" అంది. అంతే అంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదకొచ్చింది. పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు వరసలు వరసలుగా నేల మీద పడుకుని ఉన్నాయి. కొబ్బరి చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ అక్కకు ఉన్నది ఒక చిన్న తోట, అప్పట్లో పడినవాటి చోట మళ్లీ పాతిన మొక్కలు ఇంకా మనిషెత్తు దాటలేదు. మా పిల్లలు ఆనాటికి పాలు తాగే పసివాళ్లు, వాళ్లకు గుర్తుండదు. కానీ వాళ్ల ఇళ్లలో తుపాను అంటే ఒక్కటే. కథలోదేమో ఆకులు ఎగరేసి, టోపీలు ఎగరేసి, ఒక ముసలి చెట్టును పడేసి పోయిన అల్లరి గాలి. నిఘంటువు ప్రకారం తప్పులేని మాటే, మా ఊళ్లో ఆ కథకు సరిపడని మాట. "రాత్రి గాలీ వానా వచ్చి" అని మార్చాను. బరువు దిగిపోయింది. అక్క మళ్లీ వచ్చి వింది, ఏమీ అనలేదు, పోపు మాడుతోందని పరిగెత్తింది.

ఇక వత్తులు. స్టోరీవీవర్‌లో కథలకు నాలుగు స్థాయులుంటాయి, మాది రెండోది. ఆ స్థాయిలు మాటల లెక్క మీద కూడా నడుస్తాయి. నా అనువాదంలో మాటలు అసలు కథకంటే బాగా తగ్గాయి, సంతోషించాను. తర్వాత తెలిసింది, అదేం సంతోషించే విషయం కాదని. తెలుగులో నాలుగు మాటలు అతుక్కుని ఒకే మాట అయిపోతాయి. 'వెతుక్కుంటున్నప్పుడు' అన్నది లెక్కకు ఒక్క మాటే. రెండో తరగతి పిల్లకు అది కొండ. అందులో మూడు వత్తులున్నాయి, సున్నా వేరే. అందుకని మాటలు లెక్కపెట్టడం మానేసి వత్తులు లెక్కపెట్టాను. మొదటి పేజీలో పదకొండు ఉండేవి, మూడుకు తెచ్చాను. 'వెతుక్కుంటున్నప్పుడు' పోయి 'వెతికింది, వెతికింది' వచ్చింది. చదవడానికి సుళువు, వినడానికి అలుపు కూడా తెలుస్తోంది. ప్రతి వత్తునూ తీసేయాలని కాదు. అమ్మ, అక్క, గుడ్లగూబ ఎక్కడికి పోతాయి? వాళ్లు రోజూ పలికే వత్తులు పర్వాలేదు, వాక్యం వల్ల పుట్టుకొచ్చే వత్తులతోనే పేచీ.

కథలో ప్రతి ఇంటి దగ్గరా ఒకే చరణం తిరిగి వస్తుంది, మేకపిల్ల ఇక్కడ లేదని. నేను రాసింది: "ఇక్కడ లేదు, అక్కడ లేదు, ఎక్కడా లేదు." తప్పులేదు, రుచీ లేదు. అమ్మ వినీ వినీ విసిగినట్టుంది. "ఏటలా సదువుతావు, రేషను డిపోకాడ సరుకు నేదన్నట్టు" అని, తనే అందుకుంది:

"ఈ మూల నేదు, ఆ మూల నేదు,
మా మేకపిల్ల జాడ నేదు."

ఇది ఎక్కడిదమ్మా అంటే, ఎక్కడిదీ కాదు, ఇప్పుడే నోటికొచ్చింది అంది. మర్నాడు బడిలో రెండోసారి వచ్చేసరికే పిల్లలు నాతోపాటు అందుకున్నారు, నాలుగోసారికి నేను ఆపేశాను, వాళ్లే పాడుతున్నారు. 'లేదు' అని చదివితే పాడలేదు. 'నేదు' అంటేనే పాడారు.

ఇక్కడ నేను కొంచెం సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. పదకొండేళ్లుగా నేను ఆ పిల్లల 'ఏటి'ని 'ఏమిటి' అని, 'నేదు'ను 'లేదు' అని, 'సదువు'ను 'చదువు' అని దిద్దుతూ వచ్చినదాన్ని. టీచరు ట్రైనింగులో నన్నూ అలాగే దిద్దారు. ఇంటికెళ్లి అమ్మతో 'నేదు' అంటాను, బడి గేటు దాటగానే నాలుక మార్చుకుంటాను. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు రామ్మూర్తి పంతులు గారి పుట్టినరోజు. 1863లో శ్రీముఖలింగం దగ్గరున్న పర్వతాలపేటలో పుట్టినాయన, మన జిల్లా మనిషి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ అక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా కొట్లాడారు. పిల్లలకు పాటలు రాసిన గిడుగు సీతాపతి ఆయన కొడుకే. ఇదంతా మైకులో చెప్పి కిందికి దిగి, "ఏటి మేడమ్" అన్న గుంటను "ఏటి కాదు, ఏమిటి" అని దిద్దిన రోజులు నాకే గుర్తున్నాయి.

పంతులుగారు గెలిచారంటారు. గ్రాంథికం మీద గెలిచారు, నిజమే. కానీ వాడుక భాష అని పుస్తకాల్లోకి వచ్చి కూర్చున్నది కృష్ణా, గోదావరి వాళ్ల వాడుక. ఆయన పుట్టిన ఊరి మాట ఇప్పటికీ సినిమాలో నవ్వించే పాత్రకే దొరుకుతుంది. ఈ మాట అంటే కోపాలొస్తాయని తెలుసు. నేనూ ఈ వ్యాసాన్ని ఆ పుస్తకాల భాషలోనే రాస్తున్నాను కదా, నా దగ్గర సమాధానం ఏమీ లేదు.

పుస్తకంలో మాత్రం ఒక ఏర్పాటు చేసుకున్నాను. కథ చెప్పే గొంతు సాదా తెలుగు. మనుషులు నోరు తెరిస్తే మా ఊరి తెలుగు. మావ "బేగి పోవే, సీకటి పడిపోనాది" అంటాడు. అవ్వ "ఏటే అమ్మీ, ఏటైనాది?" అంటుంది. నీళ్లున్న పేజీలో, కొండ మీంచి రాళ్లమధ్య దిగే ఆ నీళ్లను గెడ్డ అన్నాను. మహేంద్రగిరి కింద బతికేవాళ్లకు దానికి వేరే మాట లేదు.

నవంబరులో అది సైటులో పెట్టాను. కొన్ని వారాలకు, బడులకు పుస్తకాలు వేసి పంచే ఒక చిన్న సంస్థ నుంచి ఫోను వచ్చింది. అచ్చేస్తాం, కొన్ని మార్పులతో అన్నారు. వాళ్ల సంపాదకుడు మర్యాదస్తుడు, ఓపికమంతుడు. నేను గమనించని పొరపాటు ఒకటి పట్టుకున్నాడు కూడా. పన్నెండో పేజీ బొమ్మలో లాంతరు ఆరిపోయి ఉంది, నేనేమో లాంతరు వెలుగులో చూసిందని రాశాను. కానీ ఆయన పంపిన ఫైలులో ఎర్రగీతలన్నీ మరో చోట ఉన్నాయి. నేదు కొట్టేసి లేదు. మావ కొట్టేసి మామయ్య. బేగి కొట్టేసి త్వరగా. గెడ్డ కొట్టేసి సెలయేరు. పక్కన ఒక మాట: గుంటూరులో చదివే పిల్లలకు గెడ్డ అంటే ఏం తెలుస్తుంది?

నేను ఫోను చేసి అన్నాను. "బాబూ, మా పిల్లలు ఏళ్లుగా గుంటూరు తెలుగే చదువుకుంటున్నారు. అదేమిటని ఒక్కరూ అడగలేదు. పైగా ఇది బొమ్మల పుస్తకం. ఆ పేజీ నిండా రాళ్లున్నాయి, రాళ్లమధ్య నీళ్లున్నాయి, నీళ్లలో మేక ఉంది. గెడ్డ అంటే ఏమిటో అంతకంటే బాగా చెప్పే నిఘంటువు ఎక్కడుంది? పాఠంలోనైతే మీరన్నది ఒప్పుకుంటాను. ఇక్కడ బొమ్మ చెప్పేస్తోంది కదా." ఆయన విన్నాడు. మీరన్నదీ నిజమే మేడమ్ అన్నాడు. కానీ రాష్ట్రమంతా వెళ్లే పుస్తకం, పైవాళ్లు ఒప్పుకోరు అన్నాడు. అవ్వ మాటల్లో 'ఏటే అమ్మీ' ఒక్కటి ఉంచారు, ముసలావిడ కాబట్టి చెల్లుతుందట. చరణంలో నేదు పోయింది. నేను రెండు రోజులు ముఖం మాడ్చుకుని ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే మా బడి తాడు మీదకు ఆ పుస్తకం రాదు. ఇక లైసెన్సు పుణ్యమా అని, నా మాటలతో ఉన్నది సైటులో అలాగే ఉంది, దాన్నెవరూ కొట్టెయ్యలేదు. ఒకే మేకపిల్లకు రెండు తెలుగులు.

అచ్చు పనిలో ఒక్క సంగతి మాత్రం నాకు కొత్త. రాత్రి పేజీల్లో ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు. నమూనా కాపీలో 'క్క', 'త్త' అన్నీ నల్లటి ముద్దలుగా వచ్చాయి. చుట్టూ ఉన్న సిరా సన్నటి వత్తుల్లోకి పాకి మూసేస్తుందని ప్రెస్సు అబ్బాయి చెప్పాడు. ఇంగ్లీషుకు కింద వత్తులుండవు కాబట్టి వాళ్లకు ఈ బాధ తక్కువ. అక్షరం పెద్దది చేశారు, వరసల మధ్య జాగా పెంచారు, ఆ జాగా కోసం నేను రెండు పేజీల్లో మళ్లీ మాటలు తగ్గించాను. అన్నట్టు అట్ట మీద పేరుకు వాడిన ఫాంటు పేరు 'గిడుగు'. అవును, ఆయన పేరే. నవ్వాలో ఏడవాలో తెలియక అమ్మకు చెబితే, "అచ్చరాలు బాగున్నాయిలే" అంది.

ఫిబ్రవరిలో మా బడికి పాతిక కాపీలు వచ్చాయి. తాడు మీద వేలాడదీశాం. అట్టలు తొందరగానే నలిగిపోయాయి, అది మంచి గుర్తే. చదివేటప్పుడు చరణం వచ్చిన చోట, పుస్తకంలో 'లేదు' అని ఉన్నా, పిల్లలు 'నేదు' అనే పాడుతున్నారు. నేను దిద్దలేదు.

మార్చిలో పుస్తకాలు లెక్కపెడుతుంటే ఒక కాపీలో ఆ నీళ్ల పేజీ దగ్గర సెలయేరు మీద పెన్సిలుతో అడ్డగీత కనపడింది. పక్కన 'గెడ' అని రాసి ఉంది, వత్తు లేకుండా. చేతిరాత పోల్చుకున్నాను, నోటుబుక్కు గుంటడిదే. లైబ్రరీ పుస్తకాల మీద గీతలు గీయరాదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి అతికించింది నేనే. పెన్సిలు తీసుకుని 'డ' కింద వత్తు పెట్టి, పుస్తకం మళ్లీ తాడుకు తగిలించాను.